డ్రైసూట్ బాటిల్ జారిపోకుండా ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ట్విన్‌సెట్ (వీపు మీద జోడు ట్యాంకులు), దాన్ని మోసే స్టీల్ బ్యాక్‌ప్లేట్ వాడుతున్నారు. ట్రైమిక్స్ (హీలియం కలిపిన శ్వాస గ్యాస్) డైవ్‌లు మొదలుపెట్టాక డ్రైసూట్‌లోకి (నీళ్లు లోపలికి రాని డైవింగ్ సూట్) గాలి నింపడం కోసం విడిగా 1 లీటరు బాటిల్ కొన్నారు. దాన్ని ప్లేట్‌కు ఎడమ పక్కన రెండు వెల్క్రో పట్టీలతో కట్టారు. మూడు డైవ్‌లలో రెండుసార్లు కిందికి జారింది, ఒకసారి గుండ్రంగా తిరిగిపోయి వాల్వ్ తిప్పే నాబ్ చేతికి అందలేదు. వాల్వ్ పైకి ఉండాలా, కిందికి ఉండాలా? బాటిల్ నుంచి సూట్‌కు వెళ్లే హోస్ (గొట్టం) ఎంత పొడవు ఉండాలి? సూట్‌లోకి గాలికి బదులు ఆర్గాన్ గ్యాస్ నింపడం తప్పదా? ఇవీ మీ ప్రశ్నలు.

బాటిల్ జారడాన్ని చిన్న విషయమని వదిలేయకుండా అడిగారు, మంచి పని చేశారు. నేను మొదట్లో వదిలేశాను. అప్పుడు నేనూ మీలాగే రెండు వెల్క్రో పట్టీలతోనే కట్టేవాణ్ణి. ఒకరోజు పడవ మీంచి నీళ్లలోకి అడుగేసి దూకగానే వీపు పక్కన ఏదో కదిలినట్టు అనిపించింది. పట్టించుకోలేదు. దాదాపు 18 మీటర్ల దగ్గర సూట్ ఒంటికి బిగుసుకోవడం మొదలైంది. సూట్‌లోకి గాలి వదిలే బటన్ నొక్కితే గాలి రాలేదు. వాల్వ్ మూసి ఉందేమోనని చెయ్యి వెనక్కి పెట్టి వెతికితే బాటిల్ ఉండాల్సిన చోట లేదు. తొడ పక్కకు జారిపోయి ఉంది. ఆ లాగుడుకు హోస్ బిగుసుకుపోయి, ఛాతీ మీద కనెక్టర్ సగం ఊడి ఉంది. నా తోడు డైవర్ వచ్చి దాన్ని తిరిగి నొక్కి పెట్టాక గాలి వచ్చింది. ఇద్దరం డైవ్ ఆపి పైకి వచ్చేశాం. పైకి వచ్చాక చూసుకుంటే చంకల్లో, మోచేతుల మడతల్లో సూట్ ముడతలు పడిన చోటల్లా ఎర్రటి గీతలు తేలాయి. అదే 60 మీటర్ల దగ్గర జరిగి ఉంటే అంత తేలిగ్గా బయటపడేవాణ్ణి కాదు.

అప్పటి నుంచి ఈ బాటిల్ విషయంలో నేను చూసేది ఒక్కటే: నా ఎడమచెయ్యి. వాల్వ్ ఎడమచేతికి చూడకుండా అందాలి. బాటిల్ ఆ చేతికి ఇంకే పనిలోనూ అడ్డం రాకూడదు. వాల్వ్ దిశ, పట్టీలు, హోస్ పొడవు, అన్నీ ఈ రెండు షరతుల నుంచే తేలతాయి. ఫోటోల్లో ఎవరి బాటిల్ ఎక్కడ ఉందో చూసి కట్టుకుంటే వాళ్ల చెయ్యి పొడవుకు, వాళ్ల భుజం వంపుకు కట్టుకున్నట్టే అవుతుంది.

ఎడమ పక్కే ఎందుకంటే కుడి పక్క ఖాళీ ఉండదు. కుడి నడుము మీద టార్చి బ్యాటరీ డబ్బా ఉంటుంది. దాని కిందుగా పొడవాటి హోస్ వెళ్తుంది. ఆపదలో మరొకరికి ఇవ్వాల్సిన హోస్ అదే. దాని దారిలోకి ఏదీ రాకూడదు. పైగా కుడివైపు బ్యాటరీ డబ్బా బరువుకు ఎడమవైపు ఈ చిన్న బాటిల్ కొంత సరితూకం అవుతుంది. అయితే ఎడమ పక్కన కూడా పోటీ ఉంది. స్టేజ్ బాటిళ్లు (అదనపు శ్వాస గ్యాస్ బాటిళ్లు), డీకంప్రెషన్ బాటిళ్లు (పైకి వస్తూ మధ్యలో ఆగేటప్పుడు పీల్చే గ్యాస్‌వి) అక్కడే వేలాడతాయి. ఒక క్లిప్ భుజం దగ్గరి డీ-రింగ్ అనే లోహపు వలయానికి, ఇంకొకటి నడుము దగ్గరి డీ-రింగ్‌కు తగిలిస్తాం. కాబట్టి సూట్ బాటిల్‌ను వీలైనంత వెనక్కి, ట్యాంకుకూ పక్కటెముకలకూ మధ్య ఉన్న సందులోకి నొక్కి కట్టాలి. చాలామంది దాన్ని చంక కింద ముందుకు వచ్చేలా కడతారు. ఖాళీ ఒంటి మీద అది బాగానే ఉంటుంది. స్టేజ్ బాటిల్ తగిలించగానే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఇక వాల్వ్ దిశ. రెండు రకాలుగానూ కడతారు, రెండింటినీ నేను వాడి చూశాను. వాల్వ్ పైకి పెడితే ఫస్ట్ స్టేజ్ (వాల్వ్‌కు బిగించే, బాటిల్ పీడనాన్ని తగ్గించే భాగం) చంక వెనుక, భుజానికి దగ్గరగా వస్తుంది. హోస్ పొట్టిగా సరిపోతుంది, చక్కగా ఛాతీ మీదకు వచ్చేస్తుంది. కానీ లోపల మందపాటి దుస్తులు వేసుకుని, చేతులకు డ్రై గ్లవ్స్ తొడుక్కున్నప్పుడు ఆ నాబ్ దగ్గరికి చెయ్యి మడవడం చాలామందికి సాధ్యం కాదు. అంతకన్నా నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. ట్విన్‌సెట్ ఎడమ వాల్వ్ మూయడానికి మోచెయ్యి పైకెత్తి వెనక్కి వంచేటప్పుడు, చంక వెనుక ఉన్న ఫస్ట్ స్టేజ్ పై చేతికి గుచ్చుకుంటుంది. వాల్వ్ డ్రిల్ (ట్యాంకు వాల్వ్‌లు మూసి తెరిచే సాధన) చేయలేని అమరిక ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

వాల్వ్ కిందికి, అంటే బాటిల్‌ను తలకిందులుగా కడితే, అడుగు భాగం చంక ఎత్తులో, వాల్వ్ నడుము బెల్ట్ ఎత్తులో ఉంటుంది. ఎడమచెయ్యి ఊరికే వదిలేసి కాస్త వెనక్కి తీసుకెళ్తే నాబ్ అరచేతిలోకి వస్తుంది. ట్విన్‌సెట్‌కు నా సలహా ఇదే. దీనికీ ఇబ్బందులున్నాయి. పడవ బెంచీ మీద కూర్చున్నప్పుడు, సెట్‌ను నేల మీద నిలబెట్టినప్పుడు ఫస్ట్ స్టేజ్ దేనికైనా తగిలే ప్రమాదం ఉంది. అందుకని వాల్వ్ ట్యాంకుల అడుగు కన్నా బాగా పైనే ఉండేలా బాటిల్ ఎత్తు చూసుకోవాలి. స్టేజ్ బాటిల్ కింది క్లిప్ నడుము డీ-రింగ్‌కు తగిలించేటప్పుడు వేళ్లు ఈ వాల్వ్‌ను రాసుకోకూడదు. రాసుకుంటే బాటిల్‌ను నాలుగు సెంటీమీటర్లు పైకి జరపండి, చాలు.

నాబ్ ఎటు చూడాలన్నది కూడా ముఖ్యమే. నేరుగా బయటికి చూస్తే స్టేజ్ బాటిల్ రాసుకుని అది మెల్లగా మూసుకుపోవచ్చు. ఒంటివైపు చూస్తే వేళ్లు పట్టవు. కొంచెం బయటికి, కొంచెం వెనక్కి, ఏటవాలుగా ఉంచండి. తలకిందులుగా ఉన్న నాబ్‌ను వెనకనుంచి పట్టుకున్నప్పుడు తెరిచే దిశ, మూసే దిశ తారుమారైనట్టు అనిపిస్తుంది. నిజానికి మారదు, చెయ్యి తడబడుతుందంతే. ఇంట్లో సెట్ తగిలించుకుని కళ్లు మూసుకుని పది, పదిహేనుసార్లు మూసి తెరవండి. ఆ తడబాటు పోతుంది.

ఇప్పుడు అసలు సమస్య, జారడం. వెల్క్రోను నేను తప్పుపట్టను, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. తడిస్తే, ఇసుక చేరితే, పాతబడితే దాని పట్టు తగ్గుతుంది. నునుపైన పెయింటు మీద నునుపైన పట్టీ ఎంత బిగించినా జారుతుంది. పడవ మీంచి దూకినప్పుడు తగిలే కుదుపుకు అదొక్క క్షణంలో కిందికి దిగిపోతుంది. దీనికి మూడు పనులు చేయాలి. మూడూ కలిస్తేనే ఫలితం ఉంటుంది.

మొదటిది, బాటిల్‌కూ పట్టీకీ మధ్య రబ్బరు. పాత మోటార్‌సైకిల్ ట్యూబ్ నుంచి నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున రెండు వలయాలు కోసి, పట్టీలు వచ్చే చోట బాటిల్ మీద బిగుతుగా ఎక్కించండి. తిరగడం, జారడం రెండూ చాలావరకు దీనితోనే ఆగిపోతాయి. బాటిల్ మొత్తానికి ఒకే తొడుగు వేయకండి. ఉప్పునీరు లోపల చిక్కుకుని ఆరదు, అల్యూమినియం మీద గుంటలు పడతాయి, అవి మీ కంటికి కనబడవు. ఈ చిన్న వలయాలను కూడా అప్పుడప్పుడు తీసి, కింద లోహం ఎలా ఉందో చూడాలి.

రెండోది, పట్టీ వెళ్లే దారి. ప్లేట్ అంచున ఉన్న చీలికలోంచి పట్టీని ఒకసారి తీసి బాటిల్ చుట్టూ తిప్పి కట్టేస్తే, ఆ చీలికలో పట్టీ ఊగుతూనే ఉంటుంది. పట్టీని ముందు ప్లేట్‌కే ఒక చుట్టు చుట్టి బిగించండి. ఆ తర్వాత బాటిల్ చుట్టూ రెండు చుట్లు తిప్పండి. నైలాన్ పట్టీ తడిస్తే కాస్త సాగుతుంది. అందుకని పొడిగా ఉన్నప్పుడు బిగించి సంతృప్తి పడకండి. నీళ్లలో నానబెట్టి బిగించండి. వెల్క్రోకు బదులు బకిల్ ఉన్న పట్టీ వాడితే ఇంకా నయం. ట్యాంకులకు వాడే మామూలు క్యామ్ బకిల్ ఇంత చిన్న బాటిల్ గుండ్రానికి సరిగా ఆనదు. చిన్న బకిల్ తీసుకోండి. పై పట్టీ, కింది పట్టీ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. బాటిల్ నడుమ దగ్గరదగ్గరగా కడితే రెండు కొసలూ తూగుతాయి.

మూడోది, బాటిల్ మెడకు ఒక తాడు. దీన్ని ఎక్కువమంది చేయరు. తలకిందులుగా కట్టిన బాటిల్‌కు కిందికి జారకుండా అడ్డేదీ లేదు. పట్టీల పట్టు ఒక్కటే ఆధారం. కాబట్టి మెడ చుట్టూ, వాల్వ్‌కు కొంచెం పైన, సన్నటి గట్టి తాడు ఒకటి ఉచ్చులా వేసి, దాన్ని ప్లేట్ మీద పై రంధ్రంలోకి లాగి ముడివేయండి. సాగే బంజీ అయితే డబల్ వేయండి. రెండు పట్టీలూ ఒదులైనా బాటిల్ ఒక అంగుళం కదులుతుంది తప్ప తొడ మీదకు రాదు. నా సెట్‌కు ఈ తాడు కట్టాక మళ్లీ ఎప్పుడూ జారలేదు.

స్టీల్ హోస్ క్లాంప్‌లతో ప్లేట్‌కు బోల్టు వేసి శాశ్వతంగా బిగించేవాళ్లూ ఉన్నారు. కదలదన్న మాట నిజమే. కానీ క్లాంప్ కొసలు డ్రైసూట్‌ను కోస్తాయి. ఉప్పునీళ్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ అల్యూమినియాన్ని నేరుగా తాకితే అల్యూమినియం తినేయబడుతుంది. అలా బిగించాలనుకుంటే మధ్యలో రబ్బరు, కొసల మీద టేపు తప్పనిసరి. ఒకే ట్యాంకుతో డైవ్ చేసేటప్పుడు కొందరు ట్యాంకు పక్కకే కడతారు. అది పని చేస్తుంది, కానీ ట్యాంకు మార్చిన ప్రతిసారీ స్థానం మారుతుంది, నాబ్ కోసం చెయ్యి మళ్లీ వెతుక్కోవాలి. ప్లేట్‌కు కట్టింది ప్లేట్‌తోనే ఉంటుంది.

కట్టాక నీళ్లలోకి వెళ్లకముందే పరీక్షించండి. నిజంగా డైవ్‌కు సూట్ లోపల వేసుకునే మందపాటి లోదుస్తులు, సూట్, గ్లవ్స్, హార్నెస్, రెండు స్టేజ్ బాటిళ్లు, అన్నీ తగిలించుకుని చేయాలి. టీ-షర్ట్ మీద చేసే పరీక్షకు విలువ లేదు. ఎడమచేత్తో నాబ్ పట్టుకుని పూర్తిగా మూసి, మళ్లీ పూర్తిగా తెరవండి. అదే చేత్తో ట్విన్‌సెట్ ఎడమ వాల్వ్ అందుకోండి. స్టేజ్ బాటిల్ కింది క్లిప్ తీసి మళ్లీ తగిలించండి. ఎడమచెయ్యి పైకెత్తి సూట్ ఎగ్జాస్ట్ వాల్వ్‌లోంచి గాలి వదలండి, అది మామూలుగా ఎడమ పై చేతి మీదే ఉంటుంది. తర్వాత ముందుకు వంగి నాలుగైదుసార్లు గట్టిగా ఎగిరి దిగండి. బాటిల్ మీద, ప్లేట్ మీద ఎదురెదురుగా చాక్‌పీసుతో గీత గీసి ఉంచితే, అది ఎంత కదిలిందో గీతే చెబుతుంది. వీటిలో ఒక్కటి ఇబ్బందిగా ఉన్నా ఆ రోజుకు డైవ్ సంగతి పక్కన పెట్టి మళ్లీ కట్టండి.

హోస్ పొడవు గురించి అంకె చెప్పమన్నారు. వాల్వ్ పైకి ఉంటే 55 సెంటీమీటర్ల ప్రాంతంలోది చాలామందికి సరిపోతుంది. కిందికి ఉంటే 60 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య అవసరం పడుతుంది. మీ ఒంటి కొలత బట్టి కొనడానికి ఒక దారం తీసుకోండి. ఫస్ట్ స్టేజ్ నుంచి ఎడమ చంక కిందుగా ఛాతీ మీది ఇన్‌ఫ్లేటర్ (సూట్‌లోకి గాలి వదిలే బటన్ వాల్వ్) దాకా పరిచి, ఎడమచెయ్యి నిటారుగా పైకెత్తి, నడుము కుడివైపు పూర్తిగా తిప్పి కొలవండి. ఆ భంగిమలో దారం లాగకుండా ఉండాలి. చేతులు దించాక మిగిలే వదులు ఒంటికి అంటుకుని ఉండాలే తప్ప చెవిలా బయటికి పొడుచుకు రాకూడదు. గుహల్లో, మునిగిన ఓడల్లో గైడ్ తాడు పట్టుకునేది సరిగ్గా ఆ చెవినే. హోస్ భుజం పట్టీకి లోపలి నుంచి, ఒంటికి ఆనుకుని రావాలి. పట్టీ మీంచి వస్తే స్టేజ్ బాటిల్ క్లిప్ కింద నలుగుతుంది. కనెక్టర్ ఊడదీయాల్సిన క్షణంలో చేతికి రాదు.

ఆ క్షణం ఏదో తెలిసే ఉంటుంది: ఇన్‌ఫ్లేటర్ తెరుచుకుని ఇరుక్కుపోవడం. సూట్‌లోకి గాలి ఆగకుండా వస్తుంటే ముందు కనెక్టర్ ఊడదీయాలి, ఎగ్జాస్ట్ తెరిచి గాలి వదలాలి. కనెక్టర్ రాకపోతే బాటిల్ వాల్వ్ మూయాలి. మందపాటి గ్లవ్స్‌తో కనెక్టర్ చాలాసార్లు మొరాయిస్తుంది. అందుకే వాల్వ్ ఎడమచేతికి అందాలని ఇంతగా చెబుతున్నాను. లోతు తక్కువ ఉన్న చోట, తోడు డైవర్ పక్కన ఉండగా ఈ రెండూ సాధన చేయండి.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేని విషయం ఫస్ట్ స్టేజ్. మీరు ఇంట్లో పాత రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్ ఉందని, దాన్నే వాడుతున్నామని రాశారు. వాడొచ్చు. కానీ దానికి ఓవర్-ప్రెషర్ వాల్వ్ ఉందా? శ్వాస తీసుకునే రెగ్యులేటర్‌లో ఫస్ట్ స్టేజ్ సీటు పాడై మధ్య పీడనం (ఫస్ట్ స్టేజ్ నుంచి హోస్‌లోకి వచ్చే పీడనం) పెరిగితే, సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) తనంతట తాను తెరుచుకుని గాలి వదిలేస్తుంది. అదే దానికి రక్షణ. సూట్ బాటిల్‌కు సెకండ్ స్టేజ్ లేదు. పీడనం పెరుగుతూ పోతే బయటికి దారి ఉండదు. హోస్ పగలడమో, ఇన్‌ఫ్లేటర్ తట్టుకోలేక సూట్‌లోకి గాలి తోసేయడమో జరుగుతుంది. లో-ప్రెషర్ పోర్ట్‌లో బిగించే చిన్న ఓవర్-ప్రెషర్ వాల్వ్ దీన్ని ఆపుతుంది. అది లేకుండా దయచేసి ఇంకొక్క డైవ్ కూడా చేయకండి. మధ్య పీడనాన్ని కూడా మెకానిక్‌తో కాస్త తగ్గించి పెట్టించుకోండి. శ్వాస రెగ్యులేటర్లకు 9, 10 బార్ ఉంటే, సూట్‌కు 8 బార్ దగ్గర ఉన్నా హాయిగా పని చేస్తుంది. సూట్ నెమ్మదిగా నిండుతుంది, అదే మనకు కావాలి. హై-ప్రెషర్ పోర్ట్‌లో బటన్ సైజు గేజ్ ఒకటి పెట్టుకోండి. దాని అంకె మరీ ఖచ్చితంగా ఉండదు, కానీ నిండు బాటిలా, ఖాళీ బాటిలా అన్నది డైవ్‌కు ముందు తెలుస్తుంది.

1 లీటరు సరిపోతుందా అన్నదానికి లెక్క వేసుకుందాం. బాటిల్‌లో 200 బార్ ఉంటే 200 లీటర్ల గాలి ఉన్నట్టు. మీ సూట్‌లో, లోదుస్తుల పొరల్లో సుమారు 5 లీటర్ల గాలి నిలవాలనుకుందాం. 60 మీటర్ల దగ్గర పీడనం 7 బార్. ఆ 5 లీటర్ల పరిమాణం నిలబెట్టుకోవడానికి ఉపరితలం మీది లెక్కలో 35 లీటర్లు కావాలి. అందులో 5 ముందే సూట్‌లో ఉంది, బాటిల్ నుంచి వెళ్లేది 30. కాస్త పైకీ కిందికీ కదులుతూ, వదిలి మళ్లీ నింపుతూ ఉంటాం కాబట్టి మూడు రెట్లు వేసుకున్నా 90. బాటిల్‌లో చివరి కొంత గాలి బయటికి రాదు. 60 మీటర్ల దగ్గర చుట్టూ ఉన్న 7 బార్‌కు మధ్య పీడనం 8, 9 బార్ కలిపితే, బాటిల్ 16 బార్‌కు దగ్గరపడేసరికి ప్రవాహం నీరసించిపోతుంది. అది తీసేసినా ఒక డైవ్‌కు 1 లీటరు చాలు. రెండు డైవ్‌లకు మధ్యలో నింపుకోకుండా వెళ్తే మాత్రం నాకు టెన్షన్‌గా ఉంటుంది. వింగ్ (తేలడానికి వీపు మీద గాలి నింపుకునే సంచి) పాడైతే సూట్‌నే తేలడానికి వాడతామని చెప్పేవాళ్లు కూడా ఇదే లెక్క వేయాలి. బాటిల్‌లో 100 లీటర్లు మిగిలితే 60 మీటర్ల దగ్గర అది 14 లీటర్లు మాత్రమే. వెళ్లే లోతు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

ఇక ఆర్గాన్. విడి బాటిల్ పెట్టుకోవడానికి అసలు కారణం హీలియంను సూట్‌లోకి రానివ్వకపోవడం. హీలియం గాలి కన్నా సుమారు 6 రెట్లు వేగంగా వేడిని ఒంటి నుంచి లాగేస్తుంది. ట్రైమిక్స్‌తో సూట్ నింపి చల్లటి నీళ్లలో డీకంప్రెషన్ చేయడం నరకం. ఇది కేవలం చలి బాధ కాదు, ఒళ్లు చల్లబడితే రక్తప్రసరణ తగ్గి ఒంట్లోంచి గ్యాస్ బయటికి పోవడం కూడా మందగిస్తుంది. దీనికి మామూలు గాలి చాలు. ఆర్గాన్ వేడిని గాలి వదిలే దానిలో మూడింట రెండు వంతులే వదులుతుంది, కాగితం మీద గొప్ప లాభమే. కానీ సూట్‌లో ముందే ఉన్న గాలిని పూర్తిగా తోసేసి ఆర్గాన్ నింపితేనే ఆ లాభం కనబడాలి. అందుకు డైవ్‌కు ముందు ఐదారుసార్లు నింపి ఖాళీ చేయాలి. ఒక్కోసారి 10 లీటర్లనుకున్నా 50, 60 లీటర్లు అక్కడే పోతాయి. 2001లో వెలువడిన ఒక నార్వే అధ్యయనంలో గాలితో, ఆర్గాన్‌తో చేసిన డైవ్‌లలో ఒంటి ఉష్ణోగ్రతల్లో తేడా కనబడలేదు. నా అనుభవం కూడా అదే చెబుతోంది. ఆ ఖర్చు మంచి లోదుస్తుల మీద, వేడిచేసే చొక్కా మీద పెట్టండి. ఒళ్లు ఖచ్చితంగా వెచ్చగా ఉంటుంది.

ఆర్గాన్ వాడాలనే నిర్ణయించుకుంటే ఒక్క మాట కఠినంగా చెబుతాను. ఆ బాటిల్‌కు ఎప్పుడూ, ఏ కారణంతోనూ, సెకండ్ స్టేజ్ తగిలించకండి. ఆర్గాన్‌లో ఆక్సిజన్ లేదు. కొన్ని శ్వాసల్లోనే స్పృహ పోతుంది, ముందుగా ఊపిరాడనట్టు కూడా అనిపించదు. బాటిల్ మీద రెండు వైపులా పెద్ద అక్షరాలతో ‘ఆర్గాన్, పీల్చరాదు’ అని రాయండి. గాలి నింపినా ‘సూట్ బాటిల్’ అని రాయండి. ఇంకొకటి: డీకంప్రెషన్ కోసం ఉంచిన ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్‌ను ఈ బాటిల్‌లోకి ఎక్కించకండి. దాని వాల్వ్, ఫస్ట్ స్టేజ్ ఆక్సిజన్‌కు తగ్గట్టు శుభ్రం చేసినవి కావు, అది మంటకు దారి.

బాటిల్ మధ్యలో ఖాళీ అయితే ఏం చేయాలో కూడా కట్టేటప్పుడే ఆలోచించాలి. నేను ట్విన్‌సెట్ ఎడమ వాల్వ్ ఫస్ట్ స్టేజ్ నుంచి ఒక డ్రైసూట్ హోస్‌ను తీసేయకుండా, రబ్బరు బంజీ కింద మడిచి ఉంచుతాను. సూట్ బాటిల్ మొండికేస్తే కనెక్టర్ మార్చుకుంటాను. హీలియం సూట్‌లోకి వస్తుంది, చలేస్తుంది, కానీ సూట్ ఒంటిని నలపకుండా పైకి రాగలను. రెండు హోస్‌ల కనెక్టర్లూ ఒకే రకానివి అయ్యుండాలి. సూట్‌కు ఒక రకం, కొత్తగా కొన్న హోస్‌కు ఇంకో రకం ఉంటే నీటి అడుగున ఆ సంగతి తెలుస్తుంది. వింగ్ హోస్ కనెక్టర్ కూడా అదే రకం అయితే, పొరపాటున అది సూట్‌కు, ఇది వింగ్‌కు తగిలే అవకాశం ఉంది. డైవ్‌కు ముందు చేత్తో హోస్‌ను మొదటి నుంచి చివరి దాకా తడిమి చూసుకోండి. చిన్న బాటిల్ వింగ్ నింపడానికి మొదలుపెడితే నిమిషాల్లో అయిపోతుంది.

సైడ్‌మౌంట్, రీబ్రీదర్ (వదిలిన శ్వాసను శుభ్రం చేసి తిరిగి పీల్చుకునే పరికరం) వాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి రెండు మాటలు. సైడ్‌మౌంట్‌లో పక్కలన్నీ ప్రధాన సిలిండర్లవే. అందుకని బాటిల్‌ను నడుము వెనుక అడ్డంగా గానీ, వీపు మీద నిలువుగా గానీ కడతారు. అక్కడ వాల్వ్ చేతికి అందడం ఇంకా కష్టం, ఇరుకు సందుల్లో పైకప్పుకు రాసుకుంటుంది కూడా. రీబ్రీదర్‌లో కేస్ పక్కకు కట్టడం మామూలు, అప్పుడు బెయిలౌట్ (అత్యవసర శ్వాస) బాటిళ్లకు అడ్డం రాకుండా చూసుకోవాలి. రెండింట్లోనూ ఎడమచేతి పరీక్ష ఒక్కటే.

మీ సెట్‌కు నేను చేసే పని ఈ వరుసలో ఉంటుంది. ముందుగా ఓవర్-ప్రెషర్ వాల్వ్. అది వచ్చేలోపు ట్యూబ్ వలయాలు, రెండు చుట్ల పట్టీలు, మెడ తాడు వేసి, వాల్వ్ కిందికి తిప్పి కట్టండి. నేల మీద పరీక్ష చేయండి. తర్వాత 6 మీటర్ల లోతులో, స్టేజ్ బాటిళ్లు లేకుండా ఒక డైవ్, వాటితో ఇంకో డైవ్ చేయండి. ప్రతిసారీ పైకి వచ్చాక చాక్‌పీసు గీతలు ఎక్కడున్నాయో చూసుకుని, ఫస్ట్ స్టేజ్, హోస్ చివరలను నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. 18 మీటర్లు, 30 మీటర్లు ఆ తర్వాతే. ట్రైమిక్స్ డైవ్ అన్నిటికన్నా చివర.